నోటికి రాని నెంబరు

"ఏ ఊరమ్మాయ్ మనది?"

2004 మే నెల. లక్ష్మిప్రసన్న బహ్రెయిన్ ఎయిర్‌పోర్టులో దిగి మూడు గంటలైంది. పనికి పెట్టుకున్న మేడం ఇంకా రాలేదు. కడుపులో మంచినీళ్ళు కూడా లేవు. ఇప్పుడీ నేల తుడిచే ముసలమ్మ ఒకతి!

ప్రసన్న తల తిప్పుకుంది.

"పిల్లలున్నారా?"

"నాలుగేళ్ళ పాప. ఆయాసం పిల్ల. చాలా? ఇంక వెళ్ళండి."

"అయితే ఈ నెంబరు నోటికి నేర్చుకో. చీటీ రాసిస్తే లాగేసుకుంటారు. ఇక్కడ ఇళ్ళల్లో ఫోన్లు ఊళ్ళోకే పోతాయి, మన దేశానికి పోవు. నాకు చేశావనుకో, మీ ఇంటికి నేను కబురందిస్తాను. ఊఁ, అను. ముప్పై తొమ్మిది..."

"నాకక్కర్లేదండి."

"ముప్పై తొమ్మిది అన్నాక..."

"ఏవండీ, తెలుగులోనే చెప్పానుగా!"

ముసలమ్మ కదిల్తేనా! తుడిచిన చోటే తుడుస్తూ అంకెలు వల్లిస్తూనే ఉంది.

రాజోలులో ఏజెంటు బుల్లబ్బాయి మరీ మరీ చెప్పాడు. "ఎయిర్‌పోర్టులో తెలుగులో మాట కలిపే ఆడదాన్ని నమ్మావో, నిన్ను ఇంకో ఇంటికి అమ్మేస్తది."

భయం, ఆకలి, చిరాకు మూడూ కలిసి నెత్తికెక్కాయి.

అప్పుడే మేడం వచ్చింది. ప్రసన్న వేలు పెట్టి ముసలమ్మని చూపించి, చెడ్డ మనిషని వచ్చీరాని హిందీలో చెప్పింది. "మేడం, యే ఔరత్ ఖరాబ్!"

మేడం తుడిచేవాళ్ళ సూపర్‌వైజర్ని పిలిచి కేకలేసింది. అతను ముసలమ్మ చేతిలోంచి తుడుపుకర్ర లాక్కున్నాడు.

అమ్మయ్య, పీడ వదిలిందనుకుంది ప్రసన్న.

ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో మేడం ఇల్లు. ఎనిమిది నెలలు గడిచాయి. పాప గొంతు ఒక్కసారి వినలేదు. అడిగితే మేడం రేపంటుంది. ఆ రేపు ఏ రోజో ఆ దేవుడికే తెలియాలి.

వంటింట్లో ఫోనుంది. ఊళ్ళోకి తప్ప పోదు. ఎవరూ లేనప్పుడు ముప్పై తొమ్మిది వరకు నొక్కేది. ఆ తర్వాత? జుట్టు పీక్కున్నా గుర్తు రాదు. నోరు మూసుకుని నేర్చుకుంటే నీ సొమ్మేం పోయిందే దరిద్రపు మొహమా, అని తనను తానే తిట్టుకునేది.

ఒకరోజు వీధి చెత్తడబ్బా దగ్గర పక్కింట్లో పనిచేసే నాగేశ్వరి కనపడింది. అమలాపురం మనిషి. చెత్త పడేసేంత సేపే ఇద్దరికీ మాట్లాడుకునే వీలు.

"అక్కా, ఎయిర్‌పోర్టులో తుడిచే ఆవిడ నెంబరు తెలుసా?"

"ముత్తెమ్మత్తదా? నిద్రలో లేపినా చెప్తాను."

"చెప్పక్కా, నీకు దణ్ణం పెడతాను! నా పాప ఎలా ఉందో ఏంటో..."

"ఇప్పుడెవరెత్తుతారే? ఆవిడని ఇండియా పంపేసి ఎనిమిది నెలలైంది. ఎవత్తో వచ్చీరాగానే కంప్లైంటు చేసిందంట. ఖలాస్! మన బాధలు ఇళ్ళకి చేరేస్తుందని ఆవిడంటే మండిపడే ఏజెంట్లకి పండగే పండగ. మా ఇంటి ఫోనూ ఊళ్ళోకే గదా, అప్పట్నించి నాకూ మావాళ్ళ కబురు లేదు."

ఆ ఎవత్తో తనేనని చెప్పకుండా, ప్రసన్న చెత్తసంచి ఇంకాస్త నెమ్మదిగా వంచింది.

"ఎవరక్కా ఆవిడ?"

లోపల్నుంచి పిలుపు వినపడింది. నాగేశ్వరి గబగబా చెప్పింది.

"మన కోనసీమ నించి ఈ దేశంలో దిగిన మొట్టమొదటి ఆడమనిషి. అప్పట్లో కబురు చెప్పే దిక్కు లేక, కూతురు పోయిన సంగతి ఆవిడకి ఏడాదిన్నరకి తెలిసిందంట. ఆ తర్వాతే ఇంటిపని మానేసి, తనే అడిగి ఎయిర్‌పోర్టులో ఆ తుడిచే పనిలో చేరింది."