తిరుగుదారి పాట

"ఈ ఒక్క పూటకి నన్ను వదిలెయ్యండి దొరా. వెళ్లేటప్పుడు వాయిస్తాను. వచ్చేటప్పుడు మాత్రం నా వల్ల కాదు."

పెషావర్ కంటోన్మెంటులో అంతకుముందు ఆ మాట అన్నవాడు లేడు. శ్మశానానికి వెళ్లేటప్పుడు ఏడుపు పాట, గేటు దాటి తిరిగొచ్చేటప్పుడు హుషారు పాట. ఆ స్కాట్లండ్ పటాలానికి అది ఆచారం. సిపాయిలు దిగులు మోసుకుని బ్యారక్స్‌కు రాకూడదు.

"ఎందుకట?" అన్నాడు పటాలం పనులు చూసే అడ్జుటెంట్.

ముర్డో చంకలోని బ్యాగ్‌పైప్ తిత్తిని సర్దుకున్నాడు. "దగ్గు దొరా."

"కుంటిసాకులు చెప్పకు. అయినా పోయిన కెప్టెన్ ఫార్కర్ నీకేమవుతాడని?"

"ఏమీ కాడు దొరా."

నిజమే అన్నారు అందరూ. కొండల్లో తూటాల వానలో ఇద్దరు సిపాయిలను భుజాన మోసుకొచ్చిన ఫార్కర్, ఈ ముసలి వాయిద్యగాడి వైపు మాత్రం కన్నెత్తి చూసేవాడు కాదు. విందుల్లో ముర్డో బల్ల చుట్టూ తిరిగి వాయిస్తుంటే పళ్లెంలోకి చూస్తూ కూర్చునేవాడు. గుండీ ఊడిందని మొన్నామధ్య పరేడులో అందరి ముందూ కడిగేశాడు కూడా. అంతటి మనిషినీ జ్వరం ఎత్తుకుపోయింది.

గోతి దగ్గర కల్నల్ కళ్లు తుడుచుకున్నాడు. "నా అన్నవాళ్లు లేరు పాపం. పసివాడిగా తీసుకెళ్లి దొరబిడ్డలా పెంచిన పాదిరీగారూ పోయారు. ఇక ఏడవడానికి మా పిల్ల ఒక్కతే."

వచ్చే నెల ఫార్కర్‌తో పెళ్లి కావలసిన ఆ పిల్ల నల్ల ముసుగులో వణికిపోతోంది. ముర్డో ఆమెను చూసి తల దించుకున్నాడు.

మట్టి పోశారు. తుపాకులు పేలాయి. గేటు దాటారు.

"కానియ్యి ముర్డో. ఏ పాటైనా సరే, హుషారుగా ఉంటే చాలు," అన్నాడు అడ్జుటెంట్.

ముర్డో గట్టిగా ఊపిరి తీసుకుని అందుకున్నాడు. పటాలంలో ఎవరూ ఎన్నడూ వినని పాట. కాళ్లు వాటంతటవే లేచాయి. వెనకెవరో ఈల వేశారు. గడ్డం తడిసిపోతున్నా ముసలాడికి ఒక్క స్వరం తప్పలేదు.

"చూశార్రా, తాతకి పగ తీరింది!" అని నవ్వాడు పక్కన నడుస్తున్న డగల్. "ఇంత మంచి పాట ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా?"

ముర్డో ఆ పాటనే మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

ముప్ఫై ఏళ్ల కిందట స్కాట్లండ్‌లోని స్కై దీవిలో, అప్పుడే పుట్టిన ఈ కెప్టెన్‌ను ముద్దాడి భార్య పక్కలో పడుకోబెట్టి, తనకు కొడుకు పుట్టాడని ఊరంతటికీ తెలిసేలా గుమ్మంలో నిలబడి ముర్డో వాయించిన పాట అది.