ఐసుబండి పాట

ఐసుబండి పాట వినగానే స్వప్న స్టీలు గ్లాసు పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది.

వీధిలోని పిల్లలంతా వచ్చారు. ఐసుబండి మాత్రం లేదు.

వీధి చివర కొబ్బరిచెట్టు కింద దుర్గాప్రసాద్ బకెట్టు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెట్టుకి కట్టిన డబ్బాలోంచి రెండు వైర్లు బకెట్టులోకి దిగాయి. వైర్లు నీళ్లకి తగిలినప్పుడల్లా డబ్బా పాడుతోంది.

ఆయన వీధికి కొత్త. కోనసీమలో ఎక్కడో పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి మానేశాడట. ఏటిగట్టుకీ గోదారికీ మధ్యనున్న ఈ పల్లపు వీధినే ఏరి కోరి గది తీసుకున్నాడు. డబ్బాలో అగ్గిపెట్టెంత బోర్డు, దానికి రూపాయి బిళ్లంత బజర్, పైన మైకు గొట్టం. ఒక్కో స్వరానికీ ఒక్కో నంబరు రాసి బోర్డులోకి ఎక్కించాడు. వరద నీరు వైర్లని తాకితే ఈ పాటే మోగుతుంది.

చుట్టూ చేరిన పిల్లల్ని చూసి ఆయన మొహం విప్పారింది.

"అందరూ వచ్చేశారు" అనుకున్నాడు పైకే.

ఎస్తేర్‌రాణికి ఒళ్లు మండింది. ఐసు లేదని ఏడుస్తున్న కూతురు స్వప్నని చంకనేసుకుంది.

"గోదారొస్తే ఐసుబండి పాటేంటండీ మాస్టారూ?"

"పిల్లలు బయటికొస్తారనమ్మా."

"మరి పెద్దోళ్లకి తెలియొద్దా, వచ్చింది గోదారో ఐసో?"

పక్కింటి పాపాయమ్మ అందుకుంది. "ఇల్లు మునిగిపోతావుంటే మనం గ్లాసులట్టుకుని నిలబడాలే, ఎస్తేరమ్మా."

వీధంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన ఐసు మాస్టారయ్యాడు.

ఎస్తేర్‌రాణి పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. సైరన్ అయినా పెట్టాలి, డబ్బా అయినా తీసేయాలి అని వీధి పెద్దలచేత అనిపించింది.

దుర్గాప్రసాద్ బతిమాలాడు. సైరన్ పెట్టడం కష్టమేం కాదన్నాడు. పాటకైతే స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ ఉండాలి, అది కుదరడానికే తనకి అన్నాళ్లు పట్టింది. సైరన్‌కి ఖాళీ అక్కర్లేదు, ఊపిరి తీసుకోకుండా పైకీ కిందికీ ఏడుస్తుందంతే.

"అదే కావాలి. వింటే గుండె ఝల్లుమనాలి" అంది ఎస్తేర్‌రాణి.

"పిల్లలకీ ఝల్లుమంటుంది కదమ్మా."

"పిల్లల్ని పెంచినోళ్లకి తెలుసులెండి, వాళ్ల సంగతి."

ఆయన డబ్బా విప్పి నంబర్లు మార్చేశాడు.

శ్రావణంలో గోదారి పొంగింది. సముద్రం పోటు మీదుండి వరదని పుచ్చుకోలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ నీళ్లు వీధిలోకి తోసుకొచ్చాయి.

సైరన్ మోగింది.

ఎస్తేర్‌రాణి గుండె ఝల్లుమంది. మంచాన ఉన్న అత్త ఆనందమ్మని భుజాన వేసుకుంది. స్వప్నా అని కేక వేసింది. పలకలేదు. పిల్లలతో కలిసి ముందే పరిగెత్తి ఉంటుందనుకుని గట్టెక్కింది.

గట్టు మీద అందరూ పెద్దవాళ్లే.

అప్పటికే దుర్గాప్రసాద్ నీళ్లలోకి దిగిపోయాడు. ఆయన ఎవర్నీ పేరు పెట్టి పిలవలేదు. ఏ ఇంట్లోకి వెళ్లినా ముందు వంగి మంచం కింద చూశాడు.

మంచాల కింద నక్కిన పిల్లల్ని ఒక్కొక్కర్నే తెచ్చి గట్టు మీద దించాడు. స్వప్న గడ్డం దాకా తడిసి ఉంది. రెండు చేతులూ చెవులమీద నుంచి తియ్యడం లేదు.

పాపాయమ్మ మనవరాలు కనబడలేదన్నారు. ఆయన మళ్లీ దిగాడు.

మనవరాలు గట్టు మీదే, ఎవరి కొంగు చాటునో దొరికింది. కేకలు వేశారు. సైరన్ హోరులో ఆయనకి వినిపించలేదు.

పాపాయమ్మ ఇంటి గోడ కూలింది.

నీరు తీశాక ఆయన శవం ఆ ఇంట్లోనే దొరికింది. ఒక చెయ్యి ఇంకా మంచం కిందికి చాపి ఉంది.

కబురందుకుని కోనసీమ నుంచి భార్య వచ్చింది. ఆమె ఏడవలేదు. ఎస్తేర్‌రాణి కొంగు పట్టుకుని నిలబడ్డ స్వప్న తల నిమిరింది.

"మంచం కింద చూడాలని మాస్టారికెలా తెలిసిందమ్మా?" అని అడిగింది ఎస్తేర్‌రాణి.

"మా ఊళ్లో సైరన్ మోగిన రోజు, నీరు తీశాక మా పాప కూడా అక్కడే దొరికిందమ్మా" అందామె.