ఎనిమిదో పటం

“ఆ పురుగుల పటాలు గోడ మీంచి తీసెయ్యవే జాస్మినూ. పెద్దమనుషులొచ్చి చూస్తే నీకు మతి చలించిందనుకుంటారు. ఆ వంకన ఇవాళే నిన్ను నాతో పంపేస్తారు.”

కృపావతి ఈ మాట అనడం పొద్దున్నుంచి నాలుగోసారి. కొత్తపేటలో బస్సెక్కిన దగ్గర్నుంచీ ఆవిడ గుండె గుండెలో లేదు. గన్నవరం దగ్గర వంతెన ఎక్కితే, వంతెన కూలుతుందేమోనని భయం. రాజోలులో దిగాక, కూతురి కాపురం కూలుతుందేమోనని భయం.

రెండో భయానికి కారణముంది. పెళ్లయి ఎనిమిదేళ్లు. పిల్లల్లేరు. ఇవాళ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారినీ, తన తమ్ముడు మాణిక్యాలరావునీ ఇంటికి రమ్మంది అత్తగారు ఎలీసమ్మ. కోడల్ని పుట్టింటికి పంపే సంగతి తేల్చెయ్యడానికి. కృపావతి గుమ్మంలో అడుగుపెట్టగానే, “వదినగారూ, వెళ్లేటప్పుడు రెండు టిక్కెట్లు తీసుకోండేం,” అంది కూడా.

జాస్మిన్ చివరి పటం కాస్త ఒరిగితే సరిచేసింది.

అసలు ఈ ఫోటోల పిచ్చి మొదలైంది ఎలీసమ్మ మాటతోనే. పెళ్లయిన ఏడు కిటికీ మూల కందిరీగ మట్టిగూడు కట్టింది. అలా కడితే ఇంట్లో ఎవరో నెల తప్పుతారని నమ్మకం. ఎలీసమ్మ వీధంతా చెప్పుకుంది. తీరా ఏమీ కాకపోయేసరికి, “మట్టిముద్దలో పిల్లల్ని చేసుకుంటోంది ఆ పురుగు. నీకేమొచ్చింది?” అంది.

ఆ సాయంత్రమే జాస్మిన్ ఫోనుతో ఆ కందిరీగని ఫోటో తీసింది. మసగ్గా, బురదమరకలా వచ్చింది. పుట్టింటికొచ్చినప్పుడు దాన్ని తల్లికి చూపించి, “ఎదురు మాట్లాడొద్దన్నావుగా. మాట్లాడనమ్మా. కానీ వదల్ను,” అంది. ఆ కళ్లు చూసి కృపావతికి ఒళ్లు జలదరించింది.

అప్పట్నుంచీ ఏటా ఓ గూడు. ఏటా ఓ దెప్పు. ఏటా ఓ ఫోటో.

రెండో ఏడు ఫోనుకి చిన్న లెన్సు తగిలించింది. రెక్కలు తెలిశాయి. మూడో ఏడు కెమెరా వచ్చింది. తెల్లారగట్ల పురుగులు చలికి కదలవని కనిపెట్టి, పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి బిగబట్టేది. ఫ్లాషు వెలుగు మరీ కొడుతోందని పాలప్యాకెట్ కవరు చుట్టింది. అయిదో ఏటికి కంట్లో గళ్లు లెక్కపెట్టుకునేలా తీసింది. ఆరో ఏడు ఒకే పురుగుకి అరవై ఫోటోలు తీసి, అన్నీ ఒక్కటిగా కలపడం పట్టుబడింది. మీసం మీది పుప్పొడి కూడా కనపడింది. ఏడో ఏడు, తను పనిచేసే వైద్యపరీక్షల ల్యాబులో మైక్రోస్కోపుకే కెమెరా బిగించి, రెక్క మీది నూగు తీసింది.

ఏ లెన్సు కావాలన్నా అల్లుడు హేమంత్ కాదనలేదు. అడగడమే ఆలస్యం. తల్లి కోడల్ని దెప్పేటప్పుడు మాత్రం తలొంచుకుని కంచంలోకి చూసుకునేవాడు. “ఆ నోరు లేకపోవడమొక్కటే గానీ, మా అల్లుడు బంగారం,” అనేది కృపావతి.

ఇప్పుడావిడ చూపు ఆఖరి పటం మీద ఆగింది.

“ఈ ఎనిమిదోదేంటే, ఖాళీగా తెల్లగా ఉంది? ఫోటో పెట్టడం మర్చిపోయేవా?”

“అన్నిట్లోకీ అదే బాగా వచ్చిందమ్మా,” అని నవ్వింది జాస్మిన్.

ఆ నవ్వు చూసి కృపావతి లోలోపల ప్రార్థన మొదలెట్టింది.

పెద్దలు వచ్చేరు. టీలు అందాయి. ఎలీసమ్మ లేచి గోడ దగ్గరకి నడిచింది.

“చూడండి అయ్యగారూ, ఎనిమిదేళ్లలో మా కోడలు కన్న సంతానం! ఇదిగో పెద్దది. ఇది రెండోది. ఇది దాని తర్వాతది...”

“ఆయ్, అన్నిటికీ తల్లి పోలికే అక్కా,” అని కిసుక్కున నవ్వాడు మాణిక్యాలరావు.

పాస్టరుగారు ఇబ్బందిగా కదిలారు. కృపావతి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎలీసమ్మ ఎనిమిదో పటం ముందు ఆగింది.

“ఇదేంటి? ఇందులో పురుగే లేదు. ఆఖరికి పురుగులు కూడా నీ మొహం చూడ్డం మానేశాయా?”

ఎనిమిదేళ్లలో మొదటిసారి జాస్మిన్ బదులు చెప్పింది.

“ఎవరికీ చెప్పనని మీ అబ్బాయికి మాటిచ్చానండి అత్తయ్యగారూ. మాట తప్పను. ఆయన్నే అడగండి.”

“ఏంట్రా హేమంతూ?”

హేమంత్ తలొంచుకుని టీ కప్పులోకి చూసుకున్నాడు. ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. పాస్టరుగారి చేతిలో టీ చల్లారిపోయింది. అల్లుడి నుదుట చెమట చూసి, ఇతనికి గుండెపోటు గానీ వస్తోందా అని కృపావతికి కొత్త భయం పట్టుకుంది. జాస్మిన్ మాత్రం, పురుగు కదలకుండా ఆగే క్షణం కోసం కాచుకున్నట్టు, ఊపిరి బిగబట్టి భర్తనే చూస్తోంది.

చాలాసేపటికి అతను తలెత్తాడు.

“అది పురుగు ఫోటో కాదమ్మా... పిల్లల కోసం ల్యాబులో నేనిచ్చిన శాంపిలు, ఎన్నిసార్లు చూసినా అందులో ఒక్క వీర్యకణం కూడా లేదు.”