చిన్న చక్రాల మీద పెద్దమనిషి

పుష్పరాణి ఫోన్లో కామెంట్లు ఒక్కొక్కటే పైకి జరుపుతూ చదువుతోంది.

‘హాతి దాదా, ఏనుగన్నా, మీ సర్కస్ ఏ ఊళ్లో?’ ‘ఎవరైనా ఆ సైకిలుకి అంబులెన్సు పిలవండి.’ ఒకడు ఆమె తండ్రి నడుం కింది భాగం గురించి రాసినదైతే సగం చదివి వదిలేసింది. ఫోన్ బోర్లా పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. అయినా వేళ్లకి ఏదో జిగురు అంటుకున్నట్టే ఉంది.

ఒక్కదానికీ ఆమె జవాబు రాయలేదు.

వీడియో పంతొమ్మిది సెకన్లు. నవ్వులాటల వీడియోలు వచ్చే ఒక పేజీలో వచ్చింది. కలకత్తా పక్కన సంత్రాగాఛిలో వాళ్లుండే సందు. ఆమె తండ్రి ఇమ్మానుయేలు మడత సైకిలు మీద డ్యూటీకి వెళ్తున్నాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి, నూట పద్నాలుగు కిలోలు. కింద బొమ్మసైకిలుకి ఉండాల్సినంత చక్రాలు. వెనకనుంచి చూస్తే సైకిలు కనబడదు. మనిషి గాల్లో కూర్చుని, మోకాళ్లు రెండు పక్కలకీ ఆడించుకుంటూ తేలిపోతున్నట్టుంటుంది. దానికి ఏనుగు ఘీంకారం అతికించారు. నాలుగు రోజుల్లో ఐదు లక్షల మంది చూశారు.

ఇమ్మానుయేలు పనిచేసేది ఖిదిర్‌పూర్ వైపు, మురుగునీళ్ల పంపింగ్ స్టేషన్‌లో. పంపు నోటికి అడ్డం పడే ప్లాస్టిక్కూ, చచ్చిన ఎలకలూ, ఇంకా చెప్పకూడనివీ లాగి పారేస్తాడు. ఆ పనికి అతను ఏనాడూ మొహం చిట్లించలేదు. బస్సుతోనే అతనికి బాధ. ఒక్క సీట్లో పట్టడు. పక్కవాళ్లు ముక్కు మూసుకుని లేచిపోయేవారు. నిలబడితే మోకాళ్ల నొప్పి.

అందుకే ఎనిమిది నెలల కిందట మడత సైకిలు కొన్నాడు. కొట్టువాడు అతన్ని కిందనుంచి పైదాకా చూసి తల అడ్డంగా ఊపాడు. ఇమ్మానుయేలే ఫ్రేము మీద అచ్చేసిన అంకె చూపించాడు. మోసే బరువు నూట ఇరవై కిలోలు. సీటు కింద పొడుగు రాడ్ వేయించుకున్నాడు. ఇంటినుంచి స్టేషన్ దాకా తొక్కి, సైకిలు మడిచి, హౌడా దాకా లోకల్ రైల్లో వెళ్లి, లాంచీలో గంగ దాటి, అవతలి ఒడ్డున మళ్లీ విప్పుకుని తొక్కుకుంటూ పోయేవాడు.

వీడియో వచ్చిన రెండో రోజు లాంచీలో ఎవరో అతన్ని చూసి ఘీంకరించారు. జనం పడీపడీ నవ్వారు. మర్నాడే సైకిలు మంచం కిందికి పోయింది. లాంచీ దిగి నడిచే వెళ్తున్నాడు. సాయంత్రమయ్యేసరికి మోకాళ్లు పొంగుతున్నాయి. భార్య అప్పమ్మ కాపడం పెడుతోంది.

“ఆ పెట్టినోడి సేతులిరిగిపోను! తీసెయ్యొచ్చు గదా,” అంది అప్పమ్మ.

“ఇప్పుడు తీసేసినా లాభం లేదమ్మా. అందరి ఫోన్లలోకీ ఎల్లిపోయింది,” అంది పుష్పరాణి.

పక్కింటి సంజయ్ వచ్చాడు. కాలేజీలో ఆమెతోపాటే చదువుతాడు.

“పోలీసులకి చెబుదాం. ఆ పేజీ ఎవరిదో ఒక్కరోజులో పట్టేస్తారు.”

అతని పెదవుల చివర ఆపుకుంటున్న నవ్వు ఆమెకి కనబడింది.

“నువ్వెన్నిసార్లు చూసినావు?”

“రెండు మూడు...”

“పోలీస్ స్టేషన్లో కూడా మా నాన్నని చూసి నవ్వాలా? ఫో ఇక్కణ్నించి!”

ధడాలున తలుపు వేసింది. మనుషులంటేనే రోత పుట్టింది. నవ్విన ఈ ఐదు లక్షల మందిలో ఒక్కడు ఆ పంపు దగ్గర అరగంట నిలబడగలడా? వాంతి చేసుకుని పారిపోడూ?

ఆరో రోజు ఇమ్మానుయేలు డ్యూటీనుంచి వచ్చి, స్నానం చేసి, కూతురి పక్కన కూర్చున్నాడు.

“ఏదీ, ఆ బొమ్మ నాకూ సూపించు.”

“ఒద్దు నాన్నా. అసయ్యంగా రాసినారు.”

“నాను రోజూ సూసేదానికన్నా అసయ్యమేటి?”

చూపించక తప్పలేదు. అతని మొహం మారలేదు. “బాగానే తొక్కుతున్నాను గదా,” అన్నాడు. “ఎన్ను నిటారుగా ఉంది సూడు.”

తర్వాత కామెంట్లు చదివి వినిపించమన్నాడు. దారుణమైనవి దాటేస్తూ చదివింది. మధ్యలో ఒకటి పొడుగ్గా ఉంది. ‘నాదీ ఆరడుగుల ఒళ్లు. నూట ఎనిమిది కిలోలు. ఇలాంటి సైకిలు కొనాలనుంది, విరుగుతుందేమోనని భయం. ఈ దాదాని ఎవరైనా అడిగి చెబుతారా?’ దాని కింద నలభై నవ్వు బొమ్మలు. జవాబు లేదు.

“పాపం, ఈ బాబు నిజింగానే అడిగినాడు. రాయి.”

“తర్వాత రాస్తాను నాన్నా.”

“తర్వాతేటి? నాను సెప్తాను, నువ్వు రాయి.”

“నా ఫోన్లోంచి ఒద్దు. నన్ను కూడా తిడతారు.”

“మంచి మాట సెప్తే తిడతారేటి? రాయమ్మా.”

అతను చెప్పాడు. ఆమె రాసింది.

‘బాబూ, నాది నూట పద్నాలుగు కిలోలు. ఎనిమిది నెలలు తొక్కినాను. ఇరగలేదు. మీద రాసిన బరువు సూసి కొనుక్కో. సీటు కింద పొడుగు రాడ్ ఏయించుకో, లేకపోతే మోకాళ్లు పోతాయి. మడత కాడ బిగింపు రోజూ సూసుకో. గోతుల్లో దించకు. మనలాటోళ్లకి సరిపోద్ది. నవ్వేవోళ్లు నవ్వుతారు. నువ్వు తొక్కుకో.’

రాయడం అయిపోయింది. పుష్పరాణి బొటనవేలు ఫోన్ మీద ఆగిపోయింది.

“పంపు,” అన్నాడు ఇమ్మానుయేలు, కళ్లజోడు పెట్టుకుని ముందుకి వంగుతూ.

పంపింది.

ఆ జవాబు ఆ నవ్వులాటల పేజీ పేరుతోనే వెళ్లింది. ఆ పేరు పక్కనే, ‘ఈ వీడియో పెట్టినవారు’ అన్న చిన్న అక్షరాలు వచ్చి నిలిచాయి.