సింగరయ్య రిపోర్టు

రేపల్లె బస్టాండులో నా కొట్టు. టీబీ పరీక్షకు వెళ్లే కఫం డబ్బాలు అక్కడినుంచే బస్సులో తెనాలి ల్యాబుకి వెళ్లేవి, రిపోర్టులూ నా కొట్టుకే వచ్చేవి. కరోనాతో బస్సులు ఆగాయి. మా వీధి సింగరయ్య ఇచ్చిన డబ్బా కంపు కొడుతుంటే కాలవలో పారేసి, ఏదో లారీలో పంపించానని అతనికి చెప్పాను.

ఫలితం తెలిసేదాకా అతను మూడేళ్ల కూతురికి దూరంగా అరుగు మీద పడుకుంటున్నాడు.

ఓ రాత్రి సరుకు చూసుకుని తాళం వేస్తుంటే చీకట్లో వచ్చి నిలబడ్డాడు.

"రిపోర్టు వచ్చిందాండి సాయిబుగారూ?"

నిజం చెబితే గొడవ, అబద్ధమైతే వెళ్లిపోతాడని లెక్కేసుకున్నాను. "నీకేం లేదంట."

"అయితే ఇవాళ పిల్ల పక్కనే పడుకుంటానండి."

అతను వెళ్లాక తట్టింది. మాటకో దగ్గు దగ్గేవాడు ఒక్కసారీ దగ్గలేదు.

అంతలో అతని భార్య వెంకటసుబ్బులు ఫోను చేసింది. "సాయంత్రం ఆయన పోయారన్నా. కరోనా అని సాయానికి ఎవరూ రావట్లేదు."

ఆమె గొంతు తగ్గించింది.

"పిల్లేంటో నిద్రలో పక్కకి జరిగి చోటిస్తోందన్నా."