కదలనన్న కోడి

సామానంతా లారీ ఎక్కేసింది. ఇంటావిడ మాత్రం గడ్డి గదిలో ఓ గంప ముందు బైఠాయించి, "ఇవాళ బయల్దేరడం కుదరదు" అంది.

గుమ్మంలో నిలబడ్డ మొగుడు ఒళ్ళు మండిపోతున్నట్టు చూశాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనా, టైమంటే ఇప్పటికీ ప్రాణమే ఆయనకి.

"ఎండాకాలంలో ఇల్లమ్మాం. ఎండల్లో సామాన్లు మొయ్యలేమన్నావు, సరే. వానలొచ్చాక దారంతా బురదన్నావు, సరే. ఇప్పుడు చలి కూడా మొదలైంది. ఇంకే కాలం మిగిలిందే నీకు?"

"నేనేం చెయ్యను? కోడి పొదుగుతోంది."

"ఎవరు పొదగమన్నారు దాన్ని?"

"నన్నడుగుతారేం? పొద్దున ఇటొస్తే గుడ్ల మీద కూర్చునుంది."

"అదే కూర్చుందో, నువ్వే చెవిలో ఊది కూర్చోబెట్టావో."

ఆవిడ మూతి తిప్పుకుంది. నిజం చెప్పాలంటే, పొద్దున ఆ కోడిని చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. పట్నంలో కూతురి పక్కవీధిలోనే అద్దె ఇల్లు చూసుకున్నారు. బాగానే ఉంది, కొళాయి తిప్పితే నీళ్ళు. కానీ పొద్దున్నే తలుపు తీయగానే కనబడే జామచెట్టు, దాని వెనక మంచులో తడిసిన చేను, ఇవన్నీ ఏ కొళాయి తిప్పితే వస్తాయి? ఈ ఒక్క చలికాలం ఇక్కడ గడిపి వెళితే చాలు. అడిగితే నవ్విపోతాడని ఆయనతో ఆ మాట అనలేదు.

ఇల్లు కొన్న కాంపౌండరు తాళాల కోసం వచ్చి, సంగతి విని నెత్తి పట్టుకున్నాడు.

"ఈసారి కూడా ఉత్తచేతులతో వెళితే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదండీ."

"మీరు కంగారుపడకండి. గంపతో సహా లారీ ఎక్కించేస్తాను. దానికి టిక్కెట్టు కూడా కొట్టక్కర్లేదు" అన్నాడు కండక్టరు. పెళ్ళాం వైపు తిరిగి, "కదిపితే ఏమైపోతుందట? చెప్పు, ఆయన కూడా వింటారు" అని రెట్టించాడు.

"కుదుపుకి గుడ్లన్నీ మురిగిపోతాయి. కోడి మళ్ళీ వాటి మీద కూర్చోదు. నెలలు నిండినదాన్ని ఇంట్లోంచి గెంటినట్టు కాదూ?"

ఆవిడ కళ్ళు చెమర్చాయి. కాంపౌండరు కోడిని చూశాడు, ఆవిణ్ణి చూశాడు, మెత్తబడిపోయాడు.

"సరేనమ్మా. పిల్లలు బయటికొచ్చాకే నేను లోపలికొస్తాను."

"మాటేనా?" అన్నాడు కండక్టరు, నమ్మలేనట్టు.

"మాటేనండీ. పిల్లలయ్యాక కబురు పెట్టండి. అంతవరకూ ఇటు తొంగి కూడా చూడను."

లారీ డ్రైవరు గొణుక్కుంటూ సామాన్లన్నీ దింపించాడు. మంచాలు గదుల్లోకొచ్చాయి, బీరువా గోడకి చేరింది. కండక్టరు మాత్రం సణుగుతూనే ఉన్నాడు. "ముప్పై ఏళ్ళు డ్యూటీ చేశాను. ఏనాడూ ఒక్క ట్రిప్పు రద్దు కానివ్వలేదు. ఆఖరికి ఈ కోడి ఆపేసింది నా బండిని."

"పోనిద్దురూ, నోరులేని జీవి" అంది ఆవిడ. మొహం వెలిగిపోతోంది. గుప్పెడు నూకలు తెచ్చి గంప పక్కన జల్లింది. కోడి రెక్కలు దులుపుకుని లేచి కిందికి దూకింది. ఆ దూకుడుకి గంప ఒరిగి, ఓ గుడ్డు దొర్లి బండమీద పడింది.

"అయ్యో" అంటూ ఆవిడ వంగింది. పెంకు చిట్లింది గానీ చుక్క కూడా కారలేదు. చేతిలోకి తీసుకుని పెంకు ఒలిచింది. తెల్లగా, గట్టిగా, నున్నగా ఉంది లోపల. ఇంకొకటి తీసి గోడకి తట్టింది. అదీ అంతే.

"ఏవండీ, ఇవి ఉడకబెట్టిన గుడ్లు."

కండక్టరు ఎక్కడలేని శ్రద్ధగా జామచెట్టు కేసి చూస్తున్నాడు.

"మిమ్మల్నే. ఉడికిన గుడ్లు దీని కింద ఎవరు పెట్టారు?"

ఆయన మెడ గోక్కుని, తల ఇటు తిప్పకుండానే అన్నాడు: "పచ్చివి పెడితే మూడు వారాలకే పిల్లలైపోతాయి కదే."