ముప్పై ఎర్ర చీటీలు

మళ్ళీ ఎర్ర చీటీయే.

వడ్రంగి దాన్ని కూతురి లంచ్ డబ్బాలోంచి తీసి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. వెనకాల ఒక్క ముక్కైనా రాసి ఉంటుందేమోనని ఆశ. ఏమీ లేదు. ఎర్ర కాగితం, తేదీ, కింద టీచరుగారి పొట్టి సంతకం.

ఆ స్కూల్లో అదో పద్ధతి. మధ్యాహ్నం గంట కొట్టగానే టీచరు వరసగా పిల్లల డబ్బాలు తెరిపించి చూస్తుంది. ఒంటికి మంచిది పెట్టి పంపితే పచ్చ చీటీ, గడ్డీ గాదం పెట్టి పంపితే ఎర్ర చీటీ. తల్లిదండ్రులకి బుద్ధొస్తుందని పెట్టిన ఏర్పాటు. మిగతా ఇళ్ళల్లో ఎర్ర చీటీ వస్తే మొగుడూ పెళ్ళాం ఒకర్నొకరు దెప్పుకుని ఊరుకుంటారు. వడ్రంగి సంగతి అలా కాదు. అతనికి ఏకంగా ఏడేళ్ళ కూతురే దూరమయ్యేలా ఉంది.

అతనూ భార్యా విడిపోయారు. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేల్చడానికి జడ్జిగారు మూడు నెలలు గడువు పెట్టారు. ఓ వారం తల్లి దగ్గర, ఓ వారం తండ్రి దగ్గర. ఎవరు బాగా చూసుకుంటున్నారో స్కూలువాళ్ళు కూడా రాసివ్వాలన్నారు. తల్లి వారాల్లో అన్నీ పచ్చ చీటీలే. ఇతని వారాల్లో మొదటి రోజు నుంచీ ఎరుపే.

మొదట్లో తప్పు తనదేననుకున్నాడు. నిజమే మరి, పుట్టి బుద్ధెరిగాక పొయ్యి మొహం చూసినవాడు కాడు. రొట్టెకి జామ్ రాసి, పక్కన ఓ అరటిపండు పడేసి పంపాడు. ఎరుపు. జామ్‌లో చక్కెర కాబోలని అది మానేసి, ఉడికించిన గుడ్డు పెట్టాడు. ఎరుపు. గుడ్డుతోపాటు కీరా ముక్కలు. మళ్ళీ ఎరుపే.

ఇక పంతం పట్టాడు. డబ్బాలో ఏమేం పెట్టాలో స్కూలువాళ్ళు రాసిచ్చిన పట్టికని పని బల్ల మీద అంటించుకుని, చెక్క చిత్రిక పడుతూ కూడా అదే చదువుకున్నాడు. ఐదింటికే లేచి క్యారెట్లని కొలిచినట్టు ఒక్క సైజులో కోశాడు. చెక్కైతే చెప్పిన మాట వింటుంది, క్యారెట్ వింటుందా? రెండు వేళ్ళకి కట్లు పడ్డాయి. ఆపిల్ ముక్కలు నల్లబడకుండా నిమ్మరసం రాయాలని పక్కింటావిడ చెబితే అదీ నేర్చుకున్నాడు. పాలకూర కలిపి రొట్టెలు కాల్చాడు. మొదటి రోజు మాడ్చాడు, నాలుగో రోజుకి పక్కింటావిడే రెండు అడిగి పట్టుకెళ్ళింది.

సాయంత్రానికి డబ్బా ఖాళీగా తిరిగొచ్చేది. అందులో ఎర్ర చీటీ.

"తిన్నావా పిచ్చుకా?" అని అడిగేవాడు.

మొత్తం తినేశానని మెడకి వేలాడేది పిల్ల. ఒక్క రోజైనా వంక పెట్టిన పాపాన పోలేదు. చీటీ చూసి అతని మొహం మాడిపోతే, అదేదో బహుమతి వచ్చినట్టు చుట్టూ గెంతులేసేది. నాన్న బాధపడకూడదని ఇంత పిల్ల ఎంత నటిస్తోందో అనుకునేవాడు.

ఉండబట్టలేక ఓ రోజు పని మానుకుని స్కూలుకెళ్ళాడు. ఏం తక్కువవుతోందో చెబితే సరిచేసుకుంటానని చేతులు కట్టుకుని అడిగాడు.

టీచరు కళ్ళజోడు మీంచి చూసింది.

"ఏం పెట్టి పంపుతున్నారో మీకు తెలీదా? ఆ డబ్బా మూత తీసినప్పుడల్లా నాకే సిగ్గేస్తోంది. పట్టిక ఇచ్చాం కదా, ఓసారి చదువుకోండి."

చదివానని చెప్పడానికి అతనికి మొహం చెల్లలేదు. తాను తెల్లారకుండా లేచి చేసినదాన్ని చూసి చదువుకున్నావిడ సిగ్గుపడిందంటే, ఇక దాన్ని తిండి అనడానికి కూడా లేదు. తల వంచుకుని వచ్చేశాడు. మర్నాడు క్యారెట్లు ఇంకా సన్నగా తరిగాడు.

మూడు నెలల్లో అతని వంతు ఆరు వారాలు. ముప్పై స్కూలు రోజులు. ముప్పై ఎర్ర చీటీలు.

కోర్టులో అట్టే సేపు పట్టలేదు. టీచరు రాసిచ్చిన కాగితం జడ్జిగారు చదివారు. ఏమైనా చెప్పుకుంటావా అని అడిగితే, నా శక్తికొద్దీ పెట్టానండీ అన్నాడు.

"నీ శక్తి చాల్లేదయ్యా," అన్నారు జడ్జిగారు.

పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది. తండ్రి నెలకో ఆదివారం వెళ్ళి రెండు గంటలు చూసి రావచ్చు.

బయట వరండాలో వడ్రంగి బెంచీ మీద కూలబడ్డాడు. కాస్త అవతల తల్లి కాగితాల మీద సంతకాలు పెడుతోంది. పిల్ల పరుగున వచ్చి అతని పక్కనే కూర్చుని కాళ్ళూపసాగింది. మొహం వెలిగిపోతోంది. అది చూసి అతనికి ఏడుపు ఆగలేదు.

"నీ బట్టలు సర్దుకున్నావా నాన్నా?" అంది.

పాపం, దీనికేమీ అర్థం కాలేదనుకున్నాడు. దగ్గరికి లాక్కుని తల నిమిరాడు.

"నేను రాకూడదమ్మా. నువ్వూ అమ్మా అక్కడ, నేనిక్కడ. నీకు మంచి తిండి పెట్టడం నాకు చేతకాలేదు తల్లీ."

పిల్ల కాళ్ళూపడం ఆపేసింది. తల్లివైపు చూసింది. మళ్ళీ అతనివైపు తిరిగింది.

"మరి నువ్వు పెట్టినవన్నీ చెత్తబుట్టలో పడేసి, అమ్మ గేటు దగ్గరికొచ్చి ఇచ్చే చిప్స్ నా డబ్బాలో పోసుకుని, రోజూ ఎర్ర చీటీ తెచ్చుకుంటే మనం ముగ్గురం మళ్ళీ ఒకే ఇంట్లో ఉంటామని అమ్మ చెప్పింది కదా నాన్నా."